డెల్టాలో డిటెక్టివ్ పాఠకులు: ఆధారాలు ఎంతవరకు?

తెలుగు డిటెక్టివ్ సాహిత్యానికి మచిలీపట్నం (బందరు) పుట్టినిల్లు అనడానికి ఆధారం లేదు. 1902లో ఇక్కడ మొదలైన కృష్ణాపత్రిక జాతీయోద్యమ పత్రిక. ముట్నూరి కృష్ణారావు హయాంలో దానికి పేరు తెచ్చినవి సంపాదకీయాలు. తర్వాతి కాలంలో బందరు నుంచే వెలువడిన త్రివేణి ఇంగ్లీషు సాహిత్య పత్రిక. హత్యలూ ఆచూకీలూ ఈ రెంటి దారి కాదు. అంతమాత్రాన ఈ చరిత్రలోంచి దిగువ కృష్ణా డెల్టాను కొట్టేయడం తొందరపాటు. ఇక్కడ వెతకవలసింది పాఠకులను.

లండన్‌లో స్ట్రాండ్ పత్రిక 1891లో షెర్లాక్ హోమ్స్ కథలు వేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే కలకత్తాలో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ తన పోలీసు అనుభవాలను ‘దారోగార్ దప్తర్’ పేరుతో వరసగా వెలువరించాడు. తెలుగువాళ్లకు ఈ రుచి ఎక్కువగా బెంగాలీ ద్వారానే తగిలింది. పాంచ్‌కడీ దేవ్ నవలలు అనువాదమయ్యాయి. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ ఆ తొలి తరానిది. 1950ల తర్వాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఇంటింటి పేర్లయ్యారు. ఆరుద్ర కూడా ‘పలకల వెండిగ్లాసు’ వంటి డిటెక్టివ్ నవలలు రాశాడు. ఇది రెండో రకం సాహిత్యమని పెదవి విరిచేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

అమెరికాలో బ్లాక్ మాస్క్ (1920), ఎల్లరీ క్వీన్స్ మిస్టరీ మ్యాగజైన్ (1941) పలువురి కథలతో నడిచాయి. మనకూ ‘అపరాధ పరిశోధన’ వంటి మాసపత్రికలు వచ్చాయి. కానీ పత్రిక చేయవలసిన పనిని మన దగ్గర చాలావరకు పాకెట్ నవలే చేసిందని నా అభిప్రాయం. అదే హీరో, అదే సైజు, మళ్లీ కొత్త కేసు. కాబట్టి పత్రికలను మాత్రమే లెక్కపెట్టే చరిత్ర పాఠకుల సంఖ్యను తక్కువ చేసి చూపిస్తుంది.

ఆ పాకెట్ సైజు అలవాటులో బందరుకు వాటా ఉంది. ఎమెస్కో అన్న పేరు వెనక ఉన్న ఎం. శేషాచలం అండ్ కంపెనీ ఈ ఊరిదే. ఇంటింటా గ్రంథాలయం ఉండాలంటూ చవక పుస్తకాలను చందాదారుల గడపకు చేర్చింది. దాన్ని డిటెక్టివ్ ప్రచురణ సంస్థ అనలేం, ప్రబంధాలూ సాంఘిక నవలలూ దాని జాబితాలో ప్రముఖం. అయితే పుస్తకం కొని చదవడం మామూలు ఇళ్లకు అలవాటు చేసిన సంస్థల్లో అది ముందువరసలో ఉంది.

పుస్తకం పాఠకుణ్ణి చేరిన రెండో దారి రైలు. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు 1908లో లైను పడింది. 1928లో భీమవరం లైను కలిసి గుడివాడ జంక్షన్ అయింది. ప్రయాణంలో చదివే పుస్తకానికి రైల్వే నవల అన్న మాట ఊరికే పుట్టలేదు. డెల్టా కొసనున్న దివిసీమకు మాత్రం రైలు లేదు, అక్కడికి పుస్తకం పులిగడ్డ దాటి వెళ్లాల్సిందే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునే ఆధారం అద్దె పుస్తకాల షాపు నవల. దారంతో కుట్టిన అట్ట, లోపలి పేజీలో రబ్బరు స్టాంపు, చేత్తో వేసిన నంబరు, నూనె చేతులతో తిప్పిన మూలలు. కొన్నిటిలో ఆఖరి పేజీ ఉండదు, హంతకుడెవరో తేలదు. ఆ స్టాంపును బట్టి పుస్తకం అద్దెకు తిరిగిందని చెప్పవచ్చు. ఎందరు చదివారో, వాళ్లలో ఆడవాళ్లెందరో అది చెప్పదు. చిరిగిన అట్టను చూసి ఆదరణను కొలవడమూ పొరపాటే, నాసిరకం కాగితం నాలుగు చేతులు మారితే చాలు, చిరుగుతుంది.

దివిసీమ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 1977 నవంబరు 19 ఉప్పెనలో దాదాపు 10,000 మంది పోయారు, ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. మనుషులే మిగలని ఇళ్లలో పుస్తకాలు మిగలలేదని వేరే చెప్పాలా? అందువల్ల అంతకు ముందటి నవలలు బందరు, గుడివాడల్లో దొరికి అవనిగడ్డ చుట్టుపక్కల దొరక్కపోతే, దివిసీమలో చదివేవాళ్లు లేరని తీర్మానించకూడదు. అక్కడ పెద్దవాళ్ల జ్ఞాపకాలనే మొదటి సాక్ష్యంగా తీసుకుని, బందరు, గుడివాడ షాపుల పాత రిజిస్టర్లతో పోల్చి చూడాలి. ఆ తరం వాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను అడిగే పని ఇప్పుడే మొదలుపెట్టాలి.