మత్తు లోతుకు కొలత

క్లోరోఫాం ఇస్తున్న డాక్టరు కన్ను దేనిమీద ఉండాలి? నాడి మీదా, ఊపిరి మీదా? 1889లో హైదరాబాద్‌లో ఈ ప్రశ్న మీద ఒక కమిషన్ భారీగా ప్రయోగాలు జరిపింది. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, సారథ్యం ఎడ్వర్డ్ లారీది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చారు. ఊపిరినే కనిపెట్టి ఉండాలని ఆ కమిషన్ తేల్చింది. కానీ క్లోరోఫాం గుండెను నేరుగా ఆపేయగలదని తర్వాతి పరిశోధనలు రుజువు చేశాయి.

ఒంటిమీది గుర్తులతో మత్తును అంచనా వేయడం అంతకన్నా పాతదే. 1847లోనే జాన్ స్నో ఈథర్ మత్తును ఐదు దశలుగా విడదీశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసిన ఆర్థర్ గ్వెడెల్, కనుపాపలు, కనుగుడ్ల కదలిక, ఊపిరి తీరు చూసి మత్తు లోతు చెప్పే పట్టికను 1920లో ప్రచురించాడు.

1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ ఆపరేషన్‌లో క్యురారే వాడాడు. కండరాలు సడలితే సర్జన్ పని తేలికే. కానీ ఆ మందు పూర్తి మోతాదులో పనిచేస్తుంటే రోగి సొంతంగా ఊపిరి తీయలేడు, వేలైనా కదపలేడు. మధ్యలో మెలకువ వస్తే చెప్పుకునే దారే లేదు. గ్వెడెల్ గుర్తుల్లో చాలావాటికి విలువ పోయింది.

ఇక మిగిలింది మెదడే. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రచురించాడు. మత్తు పెరిగేకొద్దీ తరంగాలు నెమ్మదిస్తాయి, మరీ ఎక్కువైతే మధ్యమధ్య గీత చదునవుతుంది. అయితే ఆపరేషన్ థియేటర్‌లో ఆ గీతలను చదవగలిగినవారు తక్కువ.

ఆ చిక్కును తీర్చడానికే 'బిస్' మానిటర్ పుట్టింది. 1996లో అమెరికా అనుమతి పొందిన ఈ యంత్రం, నుదుటి మీది పట్టీతో తరంగాలను అందుకుని 0 నుంచి 100 దాకా ఒక అంకె చూపిస్తుంది. పూర్తి మత్తుకు 40–60 చాలు.

2004లో 2,463 మంది మీద జరిగిన బి-అవేర్ అధ్యయనంలో, మధ్యలో మెలకువ వచ్చినవారు మామూలు పద్ధతిలో 11 మంది, బిస్‌తో ఇద్దరే. 2008లో దాదాపు 2,000 మందిని చూసిన మరో అధ్యయనం బిస్‌ను, ఊపిరిలో బయటికొచ్చే మత్తువాయువు కొలతను పోల్చింది. రెండు వైపులా ఇద్దరేసి తేలారు.

మత్తంతా నరం ద్వారానే ఇస్తే ఊపిరిలో కొలవడానికి వాయువే ఉండదు. అందుకే అలాంటి మత్తుకు కండరాలు సడలించే మందు తోడైనప్పుడు మెదడు మానిటర్ వాడమని బ్రిటన్ మత్తు వైద్యుల సంఘం సిఫార్సు చేస్తోంది.