కోరలు లేని కార్మిక నిబంధన

1996 డిసెంబర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ తొలి మంత్రుల సమావేశం సింగపూర్‌లో జరిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ డైరెక్టర్ జనరల్ మిషెల్ హాన్సెన్‌కు ముందుగా వెళ్లిన ఆహ్వానాన్ని, అభివృద్ధి చెందుతున్న దేశాల అభ్యంతరంతో ఉపసంహరించారు. కార్మికుల పక్షాన మాట్లాడవలసిన వ్యక్తికి వేదిక దక్కలేదు. అక్కడ భారతదేశ వాణిని వినిపించినవారు ఏలూరు లోక్‌సభ సభ్యుడు, నాటి వాణిజ్య శాఖ మంత్రి బోళ్ల బుల్లిరామయ్య.

వివాదం అంతకు రెండేళ్ల నాటిది. 1994 ఏప్రిల్‌లో మర్రకేష్‌లో ఉరుగ్వే రౌండ్ ఒప్పందాలపై సంతకాలు జరుగుతున్నప్పుడే, వాణిజ్యాన్ని కార్మిక ప్రమాణాలతో ముడిపెట్టాలని అమెరికా, ఫ్రాన్స్ పట్టుబట్టాయి. దానికే సోషల్ క్లాజ్ అని పేరు. పేద దేశాలకున్న ఒకే ఒక్క అనుకూలత చౌక శ్రమ. హక్కుల పేరిట దానినే దెబ్బతీస్తారన్నది న్యూఢిల్లీ శంక. అది నిరాధారమైన శంక కాదు. స్వేచ్ఛా వాణిజ్యాన్ని బోధిస్తున్న ఆ దేశాలే మన బట్టల దిగుమతిపై కోటాలను 2004 చివరి వరకు కొనసాగించాయి. ఎర్రజెండా సంఘాలు మొదలుకొని భారతీయ మజ్దూర్ సంఘ్ వరకు ప్రధాన కార్మిక సంఘాలు సైతం ఈ విషయంలో ప్రభుత్వం పక్షానే నిలవడం గమనార్హం. పరాయివాడి కర్ర వద్దన్నారు, సబబే. ఇంటి కర్ర ఎవరి వీపున పడుతున్నదో మాత్రం ఆనాటి చర్చలో పెద్దగా ప్రస్తావనకు రాలేదు.

సింగపూర్ ప్రకటన ఇరుపక్షాలనూ తృప్తిపరచింది. మౌలిక కార్మిక ప్రమాణాలకు కట్టుబడి ఉంటామన్నారు. వాటి బాధ్యత అంతర్జాతీయ కార్మిక సంస్థదేనన్నారు. రక్షణవాదానికి వాటిని వాడుకోరాదన్నారు. మూడేళ్ల తర్వాత సియాటిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ ఆంక్షల ప్రస్తావన తేవడంతో పాత గాయం మళ్లీ రేగింది. ఆ సమావేశం విఫలమయ్యాక అగ్రరాజ్యం ప్రపంచ వేదికను వదలి, ఒక్కో దేశంతో కుదుర్చుకునే ఒప్పందాల్లో ఈ నిబంధనను చేర్చే దారి పట్టింది.

ఆ దారి ఎక్కడికి చేరిందో గ్వాటెమాలా చెబుతుంది. మధ్య అమెరికా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద 2008 ఏప్రిల్‌లో అక్కడి ఆరు కార్మిక సంఘాలు, అమెరికా కార్మిక సమాఖ్య ఏఎఫ్‌ఎల్-సీఐవో కలిసి ఫిర్యాదు చేశాయి. సంఘం పెట్టినందుకు ఉద్యోగాలు పోయాయని, సంఘ నాయకులు హత్యలకు గురయ్యారని వారి ఆరోపణ. అమెరికా ప్రభుత్వం సంప్రదింపులు కోరడానికే రెండేళ్లు పట్టింది. 2017 జూన్‌లో తీర్పు వచ్చేసరికి తొమ్మిదేళ్లు గడిచాయి. ఎనిమిది పనిచోట్ల, 74 మంది కార్మికుల విషయంలో కోర్టు ఉత్తర్వులను గ్వాటెమాలా అమలుచేయించలేదని ప్యానెల్ అంగీకరించింది. అయినా అమెరికా ఓడిపోయింది! ఉల్లంఘన జరిగితే చాలదు, అది రెండు దేశాల వాణిజ్యాన్ని ప్రభావితం చేసే తీరున, పదేపదే జరిగినట్లు రుజువు కావాలన్నది ఒప్పందంలోని మాట. కార్మికుడికి జరిగిన అన్యాయం రుజువైంది, వ్యాపారికి జరిగిన నష్టం రుజువు కాలేదు.

మన పొరుగున మరో రకం వైఫల్యం. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించారు. రెండు నెలలకు అమెరికా బంగ్లాదేశ్‌కు జీఎస్‌పీ సుంకాల రాయితీని నిలిపివేసింది. ఆ రాయితీ రెడీమేడ్ దుస్తులకు మొదటినుంచీ వర్తించదు. శిక్ష పడిన సరుకు వేరు, మనుషులు చనిపోయిన పరిశ్రమ వేరు. ఫ్యాక్టరీల్లో తనిఖీలు నిజంగా జరిపించింది విదేశీ బ్రాండ్లు, అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు కలిసి సంతకం చేసిన అకార్డ్ అనే ఒప్పందం. చట్టబద్ధంగా కట్టిపడేసేది కనుకనే అది పనిచేసింది.

ఆంక్షలు లేకుంటే ఫలితమే ఉండదనీ అనలేము. ఐరోపా సమాఖ్య, దక్షిణ కొరియా ఒప్పందంలో జరిమానా లేదు. నిపుణుల బృందం విచారణ మాత్రం ఉంది. 2021 జనవరిలో ఆ బృందం కొరియా కార్మిక చట్టంలోని లోపాలను ఎత్తిచూపింది. సంఘ స్వేచ్ఛకు సంబంధించిన 87, 98 సంఖ్యల అంతర్జాతీయ ఒడంబడికలను కొరియా ఆ ఏడాదే ఆమోదించింది.

సింగపూర్‌లో ససేమిరా అన్న భారతదేశం కూడా మెత్తబడింది. స్విట్జర్లాండ్, నార్వే తదితర దేశాల ఎఫ్టా కూటమితో 2024 మార్చిలో, బ్రిటన్‌తో 2025 జులైలో కుదిరిన ఒప్పందాల్లో కార్మికుల హక్కుల ప్రస్తావన ఉంది. అయితే వివాద పరిష్కార విధానం ఆ అధ్యాయాలకు వర్తించదు. మిగిలినవి సంప్రదింపులే. పాత పట్టుదల గడప దాటి, పెరటి గుమ్మం నుంచి లోపలికి వచ్చిందన్నమాట.

కొరియా ఆమోదించిన ఆ రెండు ఒడంబడికలను భారతదేశం నేటికీ ఆమోదించలేదు. ప్రభుత్వోద్యోగులపై ఉన్న ఆంక్షలు అడ్డువస్తాయన్నది పాలకులు దశాబ్దాలుగా చెబుతున్న కారణం. తిరుప్పూర్‌లోనో, అచ్యుతాపురంలోనో ఎగుమతి దుస్తులు కుట్టే మహిళల్లో ప్రభుత్వోద్యోగి ఒక్కరూ లేరు.