పెద్దమంగళారం పెద్దాయన చూడని పతనం

మొయినాబాద్, చేవెళ్లలో ఏ దుకాణం బోర్డు చూసినా అడుగున రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది. ఆ కొండా వెంకట రంగారెడ్డి పుట్టింది మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో. తెలంగాణను ఆంధ్రతో కలపొద్దని గట్టిగా వాదించిన మనిషి. ఆయన మాట చెల్లలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున పడిన నాలుగు సంతకాల్లో ఆయనదొకటి, మేనల్లుడు మర్రి చెన్నారెడ్డిది మరొకటి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలని అందులో రాసుకున్నారు. నవంబరులో కొలువుదీరిన మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు.

సంతకాలు పెట్టిన రెండు వైపులా ఉన్నది కాంగ్రెస్సే. మాట తప్పితే ఎవరు ఎవరిని నిలదీయాలి? 1969లో ఆ ప్రశ్న కాలేజీల్లోంచి రోడ్డెక్కింది. తూటాలకు పిల్లలు నేలకొరిగారు. ఉద్యమకారులు చెప్పే లెక్క 369. ఆ నెత్తుటి ఏడాదిలో పుట్టిన తెలంగాణ ప్రజా సమితికి చెన్నారెడ్డి అధ్యక్షుడయ్యారు. పెద్దాయన 1970 జులై 24న కన్నుమూశారు. మరుసటి మార్చిలో, దేశమంతా ఇందిర గాలి వీస్తుంటే, తెలంగాణ జనం 14 లోక్‌సభ స్థానాల్లో 10 సమితి చేతిలో పెట్టారు.

ఆరు నెలలే. సెప్టెంబరులో సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. పది మంది ఎంపీలతో ఢిల్లీలో రాష్ట్రం రాదన్నది నిజమే, కాదనను. కానీ ఓటేసినవాళ్లను మళ్లీ అడిగింది లేదు. విలీనాన్ని ఒప్పుకోని ఈశ్వరీబాయి లాంటివాళ్లు కొద్దిమందే మిగిలారు. 1973లో ఆరు సూత్రాల పథకం స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలనూ, తెలంగాణ ప్రాంతీయ సంఘాన్నీ ఎత్తేసింది. అడ్డుకోవాల్సిన గొంతులు అప్పటికే చాలావరకు అధికార పక్షంలో ఉన్నాయి. తెలంగాణకు సొంత పార్టీ ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఆ ఏడాదే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే అదీ అడ్డురాదు. 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అలాగే టీఆర్ఎస్‌లో కలిశారు. వాళ్లలో తాండూరు, మహేశ్వరం సభ్యులు చేవెళ్ల లోక్‌సభ పరిధిలోని వాళ్లే.

చెన్నారెడ్డి 1978లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాది ఏర్పడిన జిల్లాకే మేనమామ పేరు వచ్చింది. తెలంగాణ పేరుతో మరో పార్టీ నిలదొక్కుకోవడానికి 2001 దాకా, రాష్ట్రం రావడానికి 2014 దాకా పట్టింది. 1971లో 21 ఏళ్లకు తొలి ఓటు సమితికి వేసినవాళ్లకు అప్పటికి 64 ఏళ్లు.