మండువా లోగిలి

ఈ రజతోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని గ్రంథాలయ కార్యవర్గము వారు కోరినప్పుడు, భూముల లెక్కలు తప్ప నాకేమి తెలియునని వెనుదీసితిని. కాని నిరుడు మన పెద్దవీధిలోని మండువా లోగిలిని విప్పుచుండగా చూచిన పిదప, ఇండ్లకును ఒక లెక్క వ్రాయవలసియున్నదని తోచినది.

నాలుగు వైపుల గదులు, నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి గల ఈ పద్ధతి క్రొత్తది కాదు. వరాహమిహిరుడు 6వ శతాబ్దమున బృహత్సంహితలో చతుశ్శాలల భేదములు చెప్పి, నాలుగు ద్వారములు గలదానిని సర్వతోభద్రమనెను. మృచ్ఛకటికమున చారుదత్తుడు వసంతసేన నగలను లోపలి చతుశ్శాలకు కొనిపోవలదనును. అందుచేతనే అవి దొంగపాలైనవి. ఎవరు లోనికి రావలెను, ఎవరు అరుగు కడనే ఆగవలెను అను కట్టుబాటు మన తాతల నాటికిని మారలేదు. అరుగు దాటనీయబడని వారు ఈ చరిత్ర వ్రాసినచో వేరుగా వ్రాసియుందురు.

మన గోదావరి డెల్టాలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియై పంట స్థిరపడిన పిదప, చేతిలో రూకలు నిలిచినవారు పెద్ద లోగిళ్ళు కట్టిరి. ఎగువ అడవుల కలప తెప్పలుగా గోదావరిపై దిగెడిది. బర్మా టేకు సముద్రముపై వచ్చెడిది. మన కూలీలు పొట్టకూటికై పోయిన దేశము నుండియే మన షావుకార్ల దూలములును వచ్చినవి. కప్పు మొదట కుమ్మరి పెంకు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో కర్మాగారము పెట్టిన తరువాత యంత్రపు పెంకు వ్యాపించినది. దానిని మనవారు బెంగుళూరు పెంకనుట ఒక వింత!

కప్పు నలువైపుల లోపలికి వాలును గనుక వాననీరంతయు మండువాలో పడి తూము గుండా పోవును. రెండు వాలులు కలియు మూలనే బరువును, తడియు ఎక్కువ. చేవగల కఱ్ఱ అక్కడ పెట్టెడివారు. చెమ్మ తగులకుండ స్తంభము క్రింద రాతి దిమ్మె ఉంచెడివారు. ఒక కఱ్ఱ కొన చెక్కి మఱియొక దాని తొలిలో దించుటయే గాని మేకులు స్వల్పము. అందువలన ఇంటిని విప్పి మరల కట్టవచ్చును. ఆ సుగుణమే నేడు దానికి చేటైనది: స్తంభములు, ద్వారబంధములు పట్టణపు హోటళ్ళ అలంకారమునకు పోవుచున్నవి.

అమ్మినవారిని నేను నిందింపను. ఏటేట పెంకు సర్దించు ఖర్చు నాకు తెలియును. విప్పుటకు ముందురోజు మాత్రము వారి అనుమతితో గదులు, స్తంభములు, మండువా కొలిచి పటము గీసితిని. అది మన గ్రంథాలయ బీరువాలో ఉన్నది. లోగిలి విప్పదలచిన వారు ఒకదినము ముందుగా కబురు పంపినచో టేపు తీసికొని వచ్చెదను.