అంచు చూసి కొనండి

చీరకి అంచెంతో పుస్తకానికి మార్జినూ అంతే అంటాను నేను. నవ్వకండి, దానికీ లెక్కుంది! యాన్ చిహోల్ట్ అనే ముద్రణకళా నిపుణుడు పాత వ్రాతప్రతులు కొలిచి కొలిచి 1953లో తేల్చాడు. వెడల్పు రెండు పాళ్లు, పొడవు మూడు పాళ్లు ఉన్న పేజీని అటూ ఇటూ తొమ్మిదేసి భాగాలు చెయ్యాలి. పైనా, కుట్టువైపూ ఒక్కొక్కటి, కిందా, బయటివైపూ రెండేసి వదలాలి. అప్పుడు అచ్చు ఎత్తు పేజీ వెడల్పుకి సరిసమానం! పుస్తకం తెరిస్తే నడుమ ఖాళీలు రెండూ కలిసి బయటి అంచంత అవుతాయి.

1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ బైబిలు అచ్చువేస్తూ, మొదట 40 వరసలున్నచోట తర్వాత 42 పట్టించాడు. కాయితం పొదుపుకి కాబోలు. కానీ వరసల మధ్య ఎడం తగ్గించాడే తప్ప అంచుల జోలికి పోలేదు. మరి ఇప్పుడో? కుట్టులోకి దూరిపోయిన అక్షరాల కోసం పుస్తకాన్ని విరవాల్సొస్తోంది. ఈసారి వెల చూసేముందు అంచు చూడండి!