కిన్నెర మొగిలయ్య

నైజాము కాలమున పాలమూరు సీమలో కలవారిని దోచి బీదలకు పంచిపెట్టిన పండుగ సాయన్న పేరు నేటికిని జనుల నాలుకలపై నిలిచియున్నదన్న, అందుకు ముఖ్యకారణము కిన్నెరపాట. ఆ కథను తరతరములుగా మోసికొని వచ్చినవారు డక్కలివారు. వీరు మాదిగల నాశ్రయించి, వారికి జాంబపురాణము వినిపించి, వారిచ్చినది పుచ్చుకొని యూరూర తిరుగువారు. అంటరానివారిలోను అంటరానివారైన ఈ కులము ఒక సీమకు చరిత్రకారుల పని చేయుట మన చదువుకొన్నవారు గమనింపరైరి.

దర్శనం మొగిలయ్య ఈ కులమువాడే. ఊరు నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట. వెదురు దండము, దానిక్రింద ఎండిన సొరబుఱ్ఱలు, పైన మైనముతో నిలిపిన పండ్రెండు మెట్లు, తంత్రులు: ఇవియే ఆయన కిన్నెరకు పరికరములు. వీణ పేరు చెప్పిన చేతులు జోడించు మనము కిన్నెరను చూచినంతనే చిల్లరకై సంచి వెదకుకొందుము. ఒకదానికి కచేరి, ఒకదానికి భిక్షము. ఈ భేదము నాదమునుబట్టి వచ్చినదని యే సంగీతశాస్త్రజ్ఞుడును చెప్పజాలడు.

2021లో భీమ్లా నాయక్ చిత్రపు పాట ఆయన గొంతుతో మొదలయ్యెను. మా చేవెళ్ళ, మొయినాబాదు పల్లెలలో ఆ పాట విననివారరుదు. పాడినవాడెవరని యడిగినవారును అరుదే. 2022 జనవరిలో భారత ప్రభుత్వము పద్మశ్రీని ప్రకటించెను. తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయలును, ఇంటిస్థలమును ప్రకటించెను.

2024 మే నెలలో ఆయన మా రంగారెడ్డి జిల్లాలోనే, తుర్కయంజాలులో, కట్టడపు పనికి కూలిగా పోవుచున్నాడని పత్రికలు వ్రాసెను. వచ్చిన సొమ్ము బిడ్డల పెండ్లిండ్లకును ఇంటిపనికిని వ్యయమైనదనియు, నెలకు పదివేల వేతనము నిలిచిపోయినదనియు ఆయన చెప్పెను. సొమ్ము నిలుపుకొనలేకపోయెనని పలువురు తీర్పు చెప్పిరి. ఈ తీర్పు నాకు సమ్మతము గాదు. ఒక గుమాస్తాకో, ఉపాధ్యాయునికో బ్రదుకంతటి జీతమును ఒక్కనాడే చేతబెట్టి పొమ్మన్న, మనలో ఎందరము నిలుపుకొందుము? ఒకసారి ఇచ్చినది బహుమానము. పొయ్యి వెలుగవలసినది నెలనెల వచ్చు రాబడితోగదా!

అమెరికాలో మిసిసిపీ జాన్ హర్ట్ అను నల్లజాతి గాయకుడు 1928లో గ్రామఫోను కంపెనీకి పాటలు పాడెను. అవి అమ్ముడుపోలేదు. ఆయన తన యూరికి పోయి ముప్పదేండ్లకు పైగా పొలములలో కూలిచేసెను. 1963లో సంగీతాభిమానులు వెదకికొని వచ్చి ఆయనను సభలకు గొనిపోయిరి. 1966లో మరణించువఱకు ఆయనకు పాటయే పని. ఆ గిటారు పోకడలను ఎందరో పిన్నలు నేర్చుకొనిరి. అక్కడ కీర్తి మనుష్యుని కూలినుండి పాటకు తెచ్చెను. ఇక్కడ కీర్తి వచ్చిన పిమ్మటనే కూలి తప్పదయ్యెను. వారు పాడించిరి, మనము శాలువ కప్పి యింటికి పంపితిమి.

2024లోనే నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు బుఱ్ఱవీణకై పద్మశ్రీ లభించినది. సంతోషమే. కాని పద్మశ్రీతో శిష్యులు రారు. పాఠశాలలో వారమునకు రెండు దినములు, నెలజీతముపై, మెట్లు నిలుపుటయు తంత్రి బిగించుటయు పిల్లలకు చూపుమని ఇట్టివారిని పిలిచిన యెడల, డక్కలి బాలుడును రెడ్డి బాలికయు ఒకే చాపమీద కూర్చుండి సాయన్న కథ నేర్తురు.