యజమానికి నచ్చని గొంతు: ‘ది లాంగ్ గుడ్ ఫ్రైడే’ చరిత్ర

ఒక సినిమాను ప్రేక్షకులు ఎలా స్వీకరించారన్న చర్చ వచ్చినప్పుడు మనం టికెట్టు కొని హాల్లో కూర్చున్నవాళ్ళ గురించే మాట్లాడుకుంటాం. కాని వాళ్ళకంటే ముందే దాన్ని చూసినవాడు ఒకడుంటాడు. వాడు డబ్బు పెట్టినవాడు. ఆ మొదటి ప్రేక్షకుడు తన అభిప్రాయాన్ని సమీక్షగా రాయడు, కత్తెరతో చెబుతాడు. ఒక కళాఖండంలో పాలకవర్గాన్ని నిజంగా ఇబ్బంది పెట్టే అంశం ఏదో తెలుసుకోవాలంటే విమర్శకుల పొగడ్తలకన్నా ఆ కత్తెర ఎక్కడ పడిందో చూడటమే మేలని నా అభిప్రాయం. ఇందుకు బ్రిటన్‌లో తక్కువ ఖర్చుతో తీసిన ఒక గ్యాంగ్‌స్టర్ సినిమా చరిత్ర మంచి ఉదాహరణ.

ఆ సినిమా పేరు ‘ది లాంగ్ గుడ్ ఫ్రైడే’. 1979లో తీశారు. రచయిత బారీ కీఫ్, దర్శకుడు జాన్ మెకంజీ. ముఖ్యపాత్రధారి బాబ్ హాస్కిన్స్, లండన్‌లోని వామపక్ష కార్మిక నాటకశాల యూనిటీ థియేటర్‌లో నటన మొదలుపెట్టినవాడు. కీఫ్ తూర్పు లండన్ మనిషి. నాటకరచయిత కాకముందు ఆ ప్రాంతపు స్థానిక పత్రికలో విలేఖరిగా పనిచేశాడు. నల్లజాతి యువకులను కేవలం అనుమానం మీద పట్టుకునే పోలీసుల దౌర్జన్యం గురించి అదే 1979లో ‘సస్’ అనే నాటకం రాశాడు. సినిమాకు పెట్టుబడి బ్లాక్ లయన్ ఫిల్మ్స్‌ది. టెలివిజన్ వ్యాపారంలో ఆనాడు మహా ఘనుడైన లార్డ్ లూ గ్రేడ్ సంస్థకు అది అనుబంధం. అయిన ఖర్చు పది లక్షల పౌండ్లకు కాస్త తక్కువ. సినిమా లెక్కల్లో అది చిన్న మొత్తమే.

కథ ఒక గుడ్ ఫ్రైడే నాడు మొదలవుతుంది. హెరాల్డ్ షాండ్ లండన్ నేరప్రపంచానికి మకుటంలేని మహారాజు. పదేళ్ళుగా ముఠాల మధ్య గొడవ లేకుండా చూసుకున్నాడు. పోలీసు అధికారిని, కౌన్సిల్ సభ్యుణ్ణి చేతిలో పెట్టుకున్నాడు. ఇక అతనికి కావలసింది గౌరవం. థేమ్స్ నది ఒడ్డున మూతబడ్డ రేవులను కొని, భవంతులు కట్టి, 1988 ఒలింపిక్స్‌ను అక్కడికి తేవాలని కల గంటాడు. పెట్టుబడి కోసం అమెరికా మాఫియాను పిలిపిస్తాడు. వాళ్ళు వచ్చిన రోజే అతని కారు పేలిపోతుంది, ఆప్తమిత్రుడు హత్యకు గురవుతాడు, సారాదుకాణం కూలుతుంది. శత్రువెవడో తెలుసుకోవడానికి తోటి ముఠానాయకులను పట్టుకొచ్చి కబేళాలో కొక్కేలకు తలకిందులుగా వేలాడదీస్తాడు. చివరకు తెలిసేదేమిటంటే శత్రువు ఏ ముఠా కాదు, ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ. కౌన్సిల్ సభ్యుడి కట్టడాల్లో పనిచేసేది ఐరిష్ కూలీలు. వాళ్ళతో పేచీ రాకుండా బెల్‌ఫాస్ట్‌కు రహస్యంగా డబ్బు పంపారు. దారిలో అందులో కొంత మాయమైంది. ఈ సంగతి హెరాల్డ్‌కు తెలియదు. తన సామ్రాజ్యానికి పునాదిలో ఎవరి చెమట ఉందో, ఎవరి నెత్తురుందో తెలియని రాజు అతను.

ఇప్పుడు మొదటి ప్రేక్షకుడి దగ్గరకు వద్దాం. సినిమా గ్రేడ్‌కు నచ్చలేదు. ఐ.ఆర్.ఏ.ను గొప్పచేసి చూపించిందని ఆయన వర్గం భావించింది. హాళ్ళలో విడుదల చేయకుండా, ఐర్లండ్ ప్రసక్తి ఉన్న భాగాలను బాగా కోసి టెలివిజన్‌లో వేసెయ్యాలని ఆలోచించారు. అంతటితో ఆగలేదు. అమెరికా టెలివిజన్ కోసం తయారుచేయదలచిన ప్రతిలో హాస్కిన్స్ గొంతు తీసేసి, ఇంగ్లండ్ మధ్యప్రాంతానికి చెందిన వేరొక నటుడితో డబ్బింగ్ చెప్పించాలనుకున్నారు. తూర్పు లండన్ శ్రామికుల కాక్నీ యాస అమెరికావాళ్ళకు అర్థంకాదన్నది కారణం. హాస్కిన్స్ కోర్టుకెక్కాడు. చివరకు బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ భాగస్వామిగా ఉన్న హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్, అయిన ఖర్చుకంటే తక్కువకే హక్కులు కొనుక్కుంది. 1980లో చిత్రోత్సవాల్లో చూపించాక 1981 ఫిబ్రవరి చివర్లో సినిమా లండన్ హాళ్ళలో విడుదలైంది.

కత్తెర పడబోయిన రెండు చోట్లు గమనించండి. ఒకటి వలసపాలన ప్రసక్తి, రెండవది శ్రామికుడి గొంతు. కబేళాలో కొక్కేలకు వేలాడే మనుషులనో, పగిలిన సీసాతో పొడిచే పొడుపునో మాత్రమే తీసెయ్యమని అంటే అది నీతి చర్చ అయ్యేది. హింస అమ్ముడుపోయే సరుకని పెట్టుబడికి తెలుసు. దానికి మింగుడుపడనిది ఆ హింసకు మూలం. కట్టడాల కాంట్రాక్టు, కౌన్సిల్ ఓటు, పోలీసు మామూలు, చౌకగా దొరికే వలసకూలీ అన్నీ ఒకే గొలుసులో కడియాలని ఈ సినిమా చెబుతుంది. ఐర్లండ్‌ను కోసేస్తే ఆ గొలుసు తెగిపోతుంది, మిగిలేది దుండగుల కొట్లాట. ఆ విధంగా గ్రేడ్ సినిమాను అపార్థం చేసుకోలేదు, చాలామంది కంటే బాగా అర్థంచేసుకున్నాడు.

విడుదలైన సమయం కూడా ముఖ్యమైనదే. సినిమా హాళ్ళలోకి వచ్చిన కొద్దిరోజులకే, 1981 మార్చి 1న, ఐరిష్ ఖైదీ బాబీ శాండ్స్ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. మే 5న మరణించాడు. ఏప్రిల్‌లో దక్షిణ లండన్ బ్రిక్స్‌టన్‌లో నల్లజాతి యువకులు పోలీసుల మీద తిరగబడ్డారు. ఆ ఏడాదే థాచర్ ప్రభుత్వం రేవుప్రాంతాన్ని ఎన్నికైన స్థానిక కౌన్సిళ్ళ చేతుల్లోంచి తప్పించి, లండన్ డాక్‌లాండ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు అప్పగించింది. తెరమీద హెరాల్డ్ షాండ్ పడవమీద నిలబడి చేసిన ప్రసంగానికీ, బయట ప్రభుత్వం చేస్తున్న పనికీ తేడా వెతుక్కోవలసిన పరిస్థితి.

సినిమాను భవిష్యవాణి అని పొగిడేవారున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ రేవుల్లో ఈస్టిండియా కంపెనీ ఓడలకోసం 1806లో తెరిచిన ఈస్ట్ ఇండియా డాక్ కూడా ఒకటి. మన సొత్తు దిగిన గట్టు అది. 1967లో మూతబడింది. 1981కల్లా మిగతా రేవులు కూడా వరుసగా మూతబడ్డాయి. పెట్టెల్లో సరుకు నింపి పెద్ద ఓడల్లో పంపే పద్ధతి వచ్చాక పాత రేవులకు పని లేకపోయింది, రేవుకూలీకి తిండి లేకపోయింది. ఖాళీపడ్డ నేల మీదికి గద్దలు దిగడం స్థానిక విలేఖరిగా తిరిగినవాడికి కనబడకుండా ఉండదు. కీఫ్ చూసినదాన్ని రాశాడు, అంతే. వాస్తవికతకున్న బలం అదే. తర్వాత అక్కడ కానరీ వార్ఫ్ ఆకాశహర్మ్యాలు లేచాయి. 1996 ఫిబ్రవరిలో ఆ ప్రాంతంలోనే ఐ.ఆర్.ఏ. బాంబు పేలి ఇద్దరు చనిపోయారు. ఐర్లండ్ శాంతి ఒప్పందం 1998లో సరిగ్గా గుడ్ ఫ్రైడే నాడే కుదిరింది. ఒలింపిక్స్ 2012లో తూర్పు లండన్‌కే వచ్చాయి.

ఈ సినిమాలో లోపం లేదని నేననను. ఐరిష్ పక్షానికి ఇందులో మాట లేదు. తర్వాతి కాలంలో జేమ్స్ బాండ్‌గా పేరుపొందిన పియర్స్ బ్రాస్నన్ ఇందులో ఐ.ఆర్.ఏ. హంతకుడు. అతను దాదాపు మూగవాడు. వలసపాలన కింద నలిగిన జాతి ఎందుకు ఆయుధం పట్టిందో సినిమా చెప్పదు. వాళ్ళు నీడల్లా వచ్చి నీడల్లా పోతారు. గ్రేడ్ చేసిన ఆరోపణ ఎంత అర్థరహితమో దీనివల్ల తెలుస్తుంది. చివరి దృశ్యంలో సవాయ్ హోటల్ ముందు తన కారే అనుకుని ఎక్కిన హెరాల్డ్, శత్రువుల చేతికి చిక్కుతాడు. కెమెరా చాలాసేపు అతని ముఖం మీదే నిలుస్తుంది. కోపం, భయం, వెటకారం, చివరకు ఒక అవగాహన వరసగా ఆ ముఖంలో కదులుతాయి. మనం దోపిడీదారు ముఖాన్నే చదువుతాం, ఎదురుగా తుపాకి పట్టిన యువకుడి మనసు మనకు అందదు. శిల్పరీత్యా అది గొప్ప దృశ్యం, దృక్పథం రీత్యా సినిమా పరిమితి కూడా అక్కడే ఉంది.

ఇక తరువాతి ప్రేక్షకుల సంగతి. విమర్శకులు హాస్కిన్స్‌ను మెచ్చుకున్నారు. బ్రిటిష్ అకాడమీ పురస్కారానికి ఉత్తమ నటుడిగా అతని పేరు పరిశీలనకు వచ్చింది. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన వంద సినిమాల జాబితాలో దీనికి 21వ స్థానం దక్కింది. అంతకు ముందు ఏడాదే ‘లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్’ అనే మరో తక్కువ ఖర్చు గ్యాంగ్‌స్టర్ సినిమా వచ్చి విజయం సాధించింది. హెరాల్డ్ అనుచరుడిగా నటించిన పి.హెచ్. మోరియార్టీ అందులో ముఠానాయకుడు. ఇరవై ఏళ్ళ క్రితం అర్థంకాదని తీసెయ్యబోయిన యాస ఇప్పుడు నవ్వు పుట్టించే మసాలా అయింది. రేవు లేదు, కూలీ లేడు, ఐర్లండ్ లేదు. పెట్టుబడి మొదట ఆ గొంతు నొక్కాలని చూసింది, కుదరకపోతే అందులోని అర్థాన్ని తీసేసి గొంతును మాత్రం అమ్ముకుంది.

ఈ మాట రాస్తుంటే మన సినిమా గుర్తుకు రాకమానదు. చాలాకాలం తెలంగాణ యాస రౌడీకో, నవ్వించేవాడికో మాత్రమే దక్కింది. అదే యాస తరువాత నాయకుడి నోటికి ఎక్కి వసూళ్ళు తెచ్చింది. నోటికి ఎక్కినంత మాత్రాన ఆ మనిషి బతుకు తెరకెక్కిందా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

నా సంగతి కూడా చెప్పాలి. ఈ సినిమాను నేను మొదటిసారి హైదరాబాదులో ఒక మిత్రుడి ఇంట్లో చూశాను. పది నిమిషాలకే, మాటలు అర్థం కావడంలేదు, కింద అక్షరాలు పెట్టమని అడిగాను. ఎవరికోసం ఆ గొంతు మార్చబోయారో ఆ ప్రేక్షకుల్లో నేనూ ఒకణ్ణి. డబ్బింగ్ సంగతి తర్వాత చదివినప్పుడు నాకు మా బడి గుర్తొచ్చింది. ఒక ఏడాది వార్షికోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్ల తన తండ్రి గురించి వ్యాసం రాసుకొచ్చింది. ‘మా నాయన బాయికాడికి పోయిండు’ అని మొదలైంది. నేను ఎర్రసిరాతో ‘మా నాన్న బావి దగ్గరికి వెళ్ళాడు’ అని దిద్దాను. పేజీ అంతా అలాగే దిద్దాను. సభలో ఆ పిల్ల తప్పులేకుండా చదివింది. చప్పట్లు కొట్టారు. ముందువరసలో కూర్చున్న తండ్రి మాత్రం ఆ వ్యాసం తన గురించేనని పోల్చుకున్నట్టు నాకు కనబడలేదు.

హాస్కిన్స్‌కు కోర్టు ఉంది, పేరున్న మిత్రులున్నారు. ఆ పిల్లకు నేనే ఉండాలి, నా చేతిలో ఎర్రసిరా ఉంది. కత్తెర ఎప్పుడూ లార్డుల చేతుల్లోనే ఉండదు. ఏ గొంతును ఎవరి సౌకర్యం కోసం మారుస్తున్నామన్నది రాసేవాళ్ళు, దిద్దేవాళ్ళు, సాహిత్యం చదివే విద్యార్థులు ఎవరికివారు వేసుకోవలసిన ప్రశ్న.